కాటో ఎక్కడున్నాడు?

ఉద్యోగానికని పిలిచి, కుర్చీలో కూర్చోగానే అడిగిన మొదటి మాట డేటాబేస్ గురించి కాదు.

"కిజ్జా ప్రొస్కోవియా," అని కాగితం మీద పేరు చదివి, బల్లకి అవతలున్న మనిషి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "మరి కవలలేరీ?"

కవలల తర్వాత పుట్టిన బిడ్డకే కిజ్జా అని పేరు పెడతారు కాబట్టి ఈ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. బడిలో, టాక్సీలో, చర్చి మెట్ల మీద, పేరు చెప్పిన ప్రతిచోటా అడిగేవాళ్ళే. ఆమె దగ్గరా ఎప్పుడూ ఒకటే జవాబు. పెద్దవాళ్ళైతే చివర 'అయ్యా' అన్నట్టు 'సెబో' అని చేరుస్తుంది.

"నాకంటే ముందొచ్చారు, నాకంటే ముందే వెళ్ళారు, సెబో."

ఆయన తలూపాడు. ఆయన పేరు ముగెర్వా. కానీ ఆఫీసులో ఎవరూ ఆ పేరు పలకరు. కవలల్ని కన్నవాడు కాబట్టి అందరికీ సలోంగో. కవలల తల్లి అయితే నలోంగో. ఒకసారి ఆ పేరొచ్చిందంటే పిల్లలు ఏమైనా సరే, చచ్చేదాకా పోదు.

లేచి బోర్డు మీద రెండు గళ్ళు గీశాడు. "ఎడమవైపు తల్లులు. కుడివైపు పిల్లలు. తల్లులందరి జాబితా కావాలి, పక్కన పిల్లల పేర్లతో. రాయి."

మార్కరు సగం ఎండిపోయింది. కిజ్జా గట్టిగా నొక్కుతూ రాసింది. ఎనిమిది నెలలుగా నలభై ఒక్క చోట్ల దరఖాస్తు పెడితే ఇద్దరే పిలిచారు, ఆ ఇద్దరిలో మొదటివాళ్ళు మగవాడు కావాలన్నారు. ఇక్కడ తప్పు పోకూడదని రాసిన ప్రతి వరసా రెండోసారి చదువుకుంది.

"పిల్లల వైపు ఏమీ లేని తల్లి కూడా ఇందులోకి రావాలా?" అని ఆయన అడిగాడు.

"రావాలి సెబో. కుడివైపు ఖాళీ అయినంత మాత్రాన ఎడమవైపు మనిషిని తీసెయ్యకూడదు కదా."

ఆయన ఆ వాలిపోయిన అక్షరాల వైపు అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూశాడు.

"సోమవారం రా. వారం రోజుల పని ఇస్తాను. శుక్రవారం ఐదింటికి అది శుభ్రంగా పూర్తయితే ఉద్యోగం నీది. కాకపోతే చెయ్యి కలుపుకుని ఎవరి దారిన వాళ్ళం పోదాం."

ఇంటికెళ్ళి చెప్తే వాళ్ళమ్మ ఆ మాటలో 'కాకపోతే' అన్న ముక్కని వదిలేసి వీధి వీధంతా చెప్పేసింది.

*

ఆఫీసు వాండెగేయ పేటలో, మూడో అంతస్తు. మెట్ల కింద చపాతీల్లో గుడ్లు చుట్టి అమ్మేవాడి పెనం పొగ పైదాకా వస్తుంది. కిటికీకి ఎదురుగా ఇంకో మేడ, దాని పిట్టగోడ మీద వరసగా కలోలి కొంగలు. బట్టతలలు, వేలాడే గొంతు సంచులు, మనిషి నడుము దాటే ఎత్తు. కదలవు, అరవవు. పొద్దున్న వచ్చేసరికి ఎలా ఉంటాయో సాయంత్రం వెళ్ళేటప్పుడూ అలాగే ఉంటాయి.

ఆఫీసంటే ముగ్గురే. అద్దాల గదిలో సలోంగో. బయట బల్ల దగ్గర తుముసీమె, పడమటి కొండల కుర్రాడు, మూడేళ్ళుగా ఇక్కడే. ఇప్పుడు కిజ్జా. సలోంగోకి నమస్కారం చెప్పేటప్పుడు అలవాటు కొద్దీ ఆమె మోకాలు కిందికి వంగితే తుముసీమె నవ్వాడు.

"రోజూ అలా వంగావంటే మోకాళ్ళు అరిగిపోతాయి చెల్లీ. ఈ ఆఫీసు కుర్చీ చక్రాలే మార్పించదు, మోకాళ్ళు మార్పిస్తుందా?"

"నా మోకాళ్ళు కంపెనీవి కావులే."

"బాగా చెప్పావ్! ఇక్కడ బతికిపోతావు నువ్వు."

పని కొండ మీది మిషన్ ఆసుపత్రిది. పదేళ్ళ టీకా పుస్తకాల్ని ఎవరో మనుషుల్ని పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. ముప్పైఒక్క వేల మంది పిల్లలు. కిజ్జా వాటిని కొత్త డేటాబేస్‌లోకి మార్చాలి. అక్కడినుంచి, టీకా గడువు దాటిన ప్రతి బిడ్డ ఇంటికీ నెలకొకసారి, బిడ్డకి ఐదేళ్ళు నిండేదాకా, ఫోన్లో సందేశం వెళ్తుంది. ఆ సందేశం మాటలు ఆసుపత్రి సిస్టర్ స్వయంగా రాసిచ్చింది: మీ బిడ్డ ఫలానా కోసం ఎదురుచూస్తున్నాం, తీసుకురండి.

సోమవారమంతా తేదీలతోనే గడిచింది. ఒకడు రోజు ముందు రాశాడు, ఇంకొకడు నెల ముందు రాశాడు. ఫిబ్రవరి ముప్పైన పుట్టినవాళ్ళు తొమ్మిది మంది తేలారు. కిజ్జాకి ఆ పని ఇష్టంగానే ఉంది. చిక్కు పడ్డ దారం ఒక్కో ముడీ విప్పుతుంటే వచ్చే తృప్తిలాంటిది. మధ్యాహ్నం అన్నం తినడం కూడా మర్చిపోయింది.

*

మంగళవారం పొద్దున్న, టీకాలు పూర్తికాకుండానే ఆగిపోయి రెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాని పిల్లలు, చనిపోయినట్టు రాయని పిల్లలు ఎవరెవరో తీసింది. ఆరువందల పదకొండు మంది. ఊళ్ళు మారినవాళ్ళు, ఫోన్లు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటారు కాబట్టి ఆ అంకె చూసి ఆమె ఏమీ అనుకోలేదు. ఎక్కువసార్లు వచ్చిన పేరు పైన ఉండేలా పేర్చింది.

కాటో. కాటో. కాటో. కాటో.

తెర నిండా అదే పేరు. కిందికి జరిపింది. ఇంకో తెర నిండా అదే పేరు. తను డేటాబేస్‌ని అడిగిన క్వెరీ ఎక్కడో తప్పయి ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ తీసుకొస్తోందనుకుని తల్లుల పేర్లు చూసింది. అన్నీ వేరు. పుట్టిన తేదీలు వేరు. ఊళ్ళు వేరు. ఇంకా కిందికి వెళ్తే నకాటోలు, బబిర్యేలు, వాస్వాలు. అన్నీ కవలల పేర్లే. మగ జంటలో ముందు పుట్టినవాడు వాస్వా, వెనక పుట్టినవాడు కాటో. ఆడజంటైతే బబిర్యే, నకాటో. లెక్కపెడితే నూట నలభై మూడు. మామూలుగా అయితే ఆరువందల్లో ఇరవై మంది ఉంటే ఎక్కువ.

అందరికీ అదే తేదీన, అదే తల్లికి పుట్టిన ఇంకో బిడ్డ ఉంది. ఆ బిడ్డ ప్రతి టీకాకీ వచ్చింది. కొన్నాళ్ళదాకా ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు, ఆరువారాలకి, పదివారాలకి. ఆ తర్వాత ఒకరే. రెండోవాళ్ళ గళ్ళు ఖాళీ. చనిపోయారనీ లేదు, ఊరొదిలారనీ లేదు.

"కొత్త రోగమేమైనా వచ్చిందా?" అంది కిజ్జా, తుముసీమె వైపు తెర తిప్పి.

"కవలల్నే ఏరుకుని పట్టుకునే రోగమా?" అని అతను నవ్వబోయి, చివరిదాకా నవ్వలేకపోయాడు.

సలోంగో వెనకొచ్చి నిలబడడం వాళ్ళు చూడలేదు. "సందేశాలు వెళ్తున్నాయా లేదా ముందు చూడండి. ఒక ఇరవై మందికి పంపు."

తెర మీద పైనున్న ఇరవై మందిని తీసుకుంది. అందరూ కాటోలే. మీట నొక్కింది. వెళ్ళాయి, వెళ్ళాయి అని ఒక్కొక్క వరసా పచ్చబడుతోంది.

వెనక సలోంగో జేబులో ఫోను టింగుమంది. ఆయన దగ్గర రెండు ఫోన్లుంటాయి. పెద్దది బల్ల మీద, అగ్గిపెట్టంత పాతది చొక్కా జేబులో. ఆ చిన్నదాన్ని తీసి చదివాడు. చదివి, జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పావుగంటకి, సందేశాలు పంపిన ఆఫీసు నంబరు మోగింది. కిజ్జా ఎత్తింది. అవతల ఆడమనిషి. వెనక కోళ్ళ అరుపులు. పద్ధతి ప్రకారం పలకరింపులన్నీ అయ్యాయి, ఎలా ఉన్నారు, ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారు, పనులెలా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, మా కాటో మీకెక్కడ కనిపించాడు?"

"ఏంటండీ?"

"ఎదురుచూస్తున్నాం అన్నారు కదా. కనిపిస్తేనేగా అలా అంటారు. ఎక్కడ చూశారు వాణ్ణి? ఏం వేసుకున్నాడు?"

కిజ్జా ఏదో గొణిగి ఫోన్ పెట్టేసింది. వెంటనే ఇంకోటి మోగింది. ఈసారి ఎవరూ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపించింది, చాలాసేపు. మూడోది ఒక హడావిడి గొంతు: "మన్నించండమ్మా, ఆలస్యమైపోయింది. కాటోని మసాకాలో మా అమ్మ దగ్గర పెట్టాను, ఇద్దరితో నేనొక్కదాన్నీ పడలేక. వచ్చే వారం తీసుకొస్తా, వాడి సూది వాడికి ఉంచండి."

ఆ మాట విని కిజ్జాకి ప్రాణం లేచొచ్చింది. ఎదురు మేడ మీద కొంగ ఒకటి రెక్క సగం విప్పి మళ్ళీ ముడుచుకుంది.

*

బుధవారం ఆసుపత్రికి వెళ్ళమన్నారు. సిస్టర్ ఫోన్ చేసి సలోంగో మీద విరుచుకుపడిందని తుముసీమె చెప్పాడు.

రికార్డుల గదిలో నమ్యాలో అనే పెద్దావిడ కూర్చునుంది. పదేళ్ళ పుస్తకాలూ ఆవిడ చేతిరాతే. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు. చనిపోయిన పిల్లల పక్కన ఎర్రసిరాతో చిన్న శిలువ, తేదీ. నకాటో అన్న పేరొకటి వెతికి పట్టుకుని కిజ్జా దాని మీద వేలు పెట్టింది. చివరి గడి తెల్లగా ఉంది.

"ఈ పాప ఏమైందమ్మా?"

నమ్యాలో కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "నీ పేరేంటన్నావ్?"

"కిజ్జా."

"కిజ్జావై ఉండి నన్నడుగుతున్నావా?"

అప్పుడర్థమైంది. అర్థమై సిగ్గేసింది. కవలలకి ఆ మాట వాడరు. కవలలు చచ్చిపోరు, ఎగిరిపోతారు. చిన్నప్పటినుంచీ విన్నదే. నోటితో అనని మాటని చెయ్యి మాత్రం ఎందుకు రాస్తుంది? శిలువ గియ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. ఎగిరిపోయారని రాయడానికి పుస్తకంలో గడి లేదు. అందుకని వదిలేసింది. పదేళ్ళలో నూట నలభై మూడు గళ్ళు.

"ఆ మాట రాస్తే మిగిలినవాడికి మంచిది కాదు," అంది నమ్యాలో. "వాడికి జ్వరమొస్తే నేను నిద్రపోగలనా? పుస్తకంలో ఖాళీ ఉంటే ఎవరికేం నష్టమనుకున్నా. పుస్తకం ఎవరినీ పిలవదుగా. మీ కంప్యూటర్‌కి నోరుంటుందని నాకేం తెలుసు?"

బయట వరండాలో బెంచీ చూపించింది. నిన్న మధ్యాహ్నానికే ముగ్గురు నలోంగోలు వచ్చారట. సందేశం చూపించి, పిలిచారు కదా అని. ఒక్కొక్కరి చేతిలో రెండేసి టీకా కార్డులు. వెంట పిల్లాడు మాత్రం ఒక్కొక్కడే.

"కూర్చున్నారు. తల్లి, పక్కన పిల్లాడు, వాడి పక్కన కాస్త జాగా వదిలి ఇంకో తల్లి. వరండా అంతా కిటకిటలాడుతుంటే ఆ జాగాల్లో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పలా, ఎవరూ అడగలా." నమ్యాలో బెంచీ వైపు చూడకుండా చెప్పింది. "కాటో అని పిలిస్తే ముగ్గురూ లేచారు. సూది ఎవరికెయ్యను, బిడ్డా?"

కిజ్జా వెళ్ళేటప్పుడు ఆ బెంచీ ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎందుకో ఆమెకే తెలీదు.

*

"నూట నలభై మూడూ కలిపి ఒక్క కమాండ్," అన్నాడు సలోంగో. అద్దాల గదిలో తలుపు మూసి కూర్చోబెట్టాడు. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయాయి. "అందరి పక్కనా 'మరణం' అని పెట్టు. సందేశాలు ఆగిపోతాయి. సిస్టర్ ఊరుకుంటుంది."

"అందరూ పోలేదు సెబో. ఒకడు మసాకాలో ఉన్నాడు. వాళ్ళమ్మ నాతో మాట్లాడింది. అలాంటివాళ్ళు ఇంకా ఎంతమందో! చచ్చిపోయాడని రాస్తే వాడికి సూది ఎవరు వేస్తారు? కంప్యూటర్లో శవాన్ని చూసి నర్సు వెనక్కి పంపేస్తుంది."

"నూట నలభై మూడులో ఒకడు. ఆ మాత్రం తప్పు ఎక్కడైనా ఉంటుంది."

"వాళ్ళమ్మకి వాడు నూట నలభై మూడులో ఒకడు కాడు."

అన్నాక భయమేసింది. మూడు రోజుల ఉద్యోగి అనాల్సిన మాట కాదది. సలోంగో పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు.

"కంప్యూటర్‌కి ఉన్నాడు, లేడు. రెండే మాటలు. ఎగిరిపోవడాలు గిగిరిపోవడాలు ఇంట్లో పెట్టుకోండి." అంటూనే చొక్కా జేబుని అరచేత్తో సర్దుకున్నాడు. "శుక్రవారం ఐదింటికి ఆ కమాండ్ నడుస్తుంది. ఈలోపల ఎంతమందిని అడిగి తెలుసుకుంటావో తెలుసుకో. ఐదు దాటితే, మిగిలినవాళ్ళందరూ పోయినవాళ్ళే. నువ్వు నొక్కకపోతే నేను నొక్కుతా, నువ్వు ఇంటికి."

సాయంత్రం ఇంట్లో వాళ్ళమ్మ పెరట్లో బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని మతోకె అరటికాయల తొక్క తీస్తోంది. చేతులకి జిగురంటకుండా నూనె రాసుకుంది. కిజ్జా ఎదురుగా కత్తి పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, ఒకావిణ్ణి ఫోన్ చేసి, నీ కవలల్లో ఒకడు ఏమయ్యాడని ఎలా అడగాలి?"

తొక్క తీస్తున్న చెయ్యి ఆగలేదు. ఇంకో కాయ తీసుకుని వాళ్ళమ్మ అంది: "ఉన్నాడా అని మాత్రం అడక్కు. ఎక్కడున్నాడు అని అడుగు. దారి వాళ్ళే చూపిస్తారు."

"తిట్టరా?"

"ఇరవై నాలుగేళ్ళయింది. నీ పేరు విని నిన్నడుగుతారు అందరూ. నన్ను ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడగలేదు. నలోంగో, నలోంగో అని పిలుస్తారు, ఆ పిల్లలెక్కడే అని అడగరు." వాళ్ళమ్మ కాయని రెండు ముక్కలు చేసి ఆకులో వేసింది. "ఎవరైనా ఫోన్ చేసి అడిగుంటే పొద్దుగూకేదాకా చెప్పేదాన్ని."

ఆ రాత్రి అన్నాలప్పుడు వాళ్ళమ్మ ఎవరూ అడక్కుండానే ఆ ఇద్దరిలో పెద్దది తుమ్మితే ఎలా ఉండేదో చేసి చూపించింది. ఇద్దరూ నవ్వారు. కిజ్జా ముందుగా లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

*

గురువారం సలోంగో బయట మీటింగులని రాలేదు. కిజ్జా జాబితా అచ్చు తీసి, స్కేలు పెట్టుకుని పైనుంచి మొదలుపెట్టింది. అందరితోనూ ఒకే వరస. ముందు పలకరింపులు, ఒక్కటి కూడా తగ్గించకుండా. తర్వాత, ఉన్న బిడ్డ ఎలా ఉంది. తర్వాత, రెండో బిడ్డ ఎక్కడుంది. ఉందంటే, ఎప్పుడు తీసుకొస్తారు.

"ఎగిరిపోయాడమ్మా. ఈస్టరు ముందు."

"ఎగిరిపోయింది. నువ్వెవరి పిల్లవి?"

"ఎక్కడుంటాడు? నా పక్కన కూర్చుని రొట్టె మింగుతున్నాడు. రేయ్, నిన్ను ఆసుపత్రి వాళ్ళు అడుగుతున్నార్రా!"

ఒకావిడ కిజ్జాని లైన్లోనే ఉండమని చెప్పి, ఫోన్ తీసుకుని ఎక్కడికో నడిచింది. చెప్పుల చప్పుడు, ఆకుల చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. "ఇక్కడ," అంది. కిజ్జా, ఆవిడ తిరిగి నడిచొచ్చేదాకా ఫోన్ చెవికి పట్టుకునే ఉంది. అక్కడి గాలి చెవిలో వినిపిస్తూనే ఉంది.

ఒక ముసలాయన దబాయించాడు. "నువ్వెవత్తివి అడగడానికి?" కిజ్జా పేరు చెప్పింది. ఆయన మెత్తబడ్డాడు. "ఓహో, కిజ్జావా! అయితే నీకు చెప్పొచ్చు."

మధ్యాహ్నానికి తుముసీమె రొట్టె తెచ్చి పెట్టి, ఆడపిల్లల జాబితా తను తీసుకున్నాడు. "మా కొండల్లో ఇన్ని పట్టింపుల్లేవు," అని గొణిగాడు. కానీ పలకరింపులు మాత్రం కిజ్జా చెప్పినట్టే, ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పాడు.

ఎగిరిపోయారన్న ప్రతి ఒక్కరికీ ఏం రాయాలి? కిజ్జా డేటాబేస్ పట్టికలో మూడో మాట చేర్చింది. ఉన్నారు, మరణించారు, ఎగిరిపోయారు. మూడో మాట ఉన్నవాళ్ళకి సందేశం వెళ్ళదు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనికి ఎవరైనా పదేళ్ళ కిందటే పూనుకుని ఉంటే ఆ బెంచీ మీద ఆ జాగాలు ఉండేవి కావు అనుకుంటే కోపమొచ్చింది.

మొదటి పేజీలో ఒక నంబరు మాత్రం మోగి మోగి ఆగిపోతోంది. కాటో లియోనార్డ్, తల్లి నలోంగో నసూనా, తొమ్మిదో నెల తర్వాత ఇక రాలేదు. నంబరు తండ్రిదని నమ్యాలో పుస్తకంలో రాసిన మాట పక్కన అచ్చయింది. కిజ్జా మూడుసార్లు చేసింది.

*

శుక్రవారం నాలుగున్నరకి సలోంగో వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎంతవరకొచ్చింది?"

"తొమ్మిది మంది ఉన్నారు సెబో. నూట ఇరవై ఏడు మంది..." తెర వైపు చూపించింది. "ఆరు నంబర్లు అసలు పనిచేయట్లేదు, వాటికి సందేశాలు ఆపేసి నమ్యాలోకి రాసిస్తాను. ఒక్కటి మిగిలింది. మోగుతోంది, ఎత్తట్లేదు."

ఆయన మూడో మాట చదివాడు. పెదాలు కదిలాయి.

"ఇది నేను పెట్టమన్నానా?"

"లేదు సెబో."

కుర్చీ వీపుని పట్టుకున్న ఆయన వేళ్ళు కిజ్జా మెడకి తగిలేంత దగ్గర్లో ఉన్నాయి. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"ఆ ఒక్కటీ ఐదింటికి 'మరణం'లో పడాలి," అన్నాడు. "మూసెయ్ ఇక." తన గదిలోకి వెళ్ళి అద్దం తలుపు వేసుకున్నాడు.

ఇంకా ఇరవై నిమిషాలుంది. కిజ్జా ఫోనెత్తి ఆ నంబరు నొక్కింది.

చెవిలో మోగింది. ఒక్క క్షణం ఆలస్యంగా, అద్దం వెనక కూడా మోగింది.

ముందు అదేదో వేరే ఫోననుకుంది. మళ్ళీ చెవిలో. మళ్ళీ అద్దం వెనక. సలోంగో చొక్కా జేబులోంచి అగ్గిపెట్టంత ఫోను తీసి బల్ల మీద పెట్టి దానివైపు చూస్తున్నాడు. మంగళవారం సందేశం పంపిన ఆఫీసు నంబరే కాబట్టి చేస్తున్నదెవరో ఆయనకి తెలుసు. తలెత్తి ఇటు చూడలేదు. తుముసీమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

కిజ్జా ఫోన్ చెవికి దూరంగా జరిపింది. పెట్టేస్తే సరిపోయేది. ఐదింటికి కమాండ్ నడుస్తుంది, సోమవారం ఉద్యోగపు కాగితం వస్తుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగనట్టే ఉంటుంది. వేలు మీట మీదికి వెళ్ళింది. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ అడగలేదన్న వాళ్ళమ్మ మాట గుర్తొచ్చి, వేలు తీసేసింది. మోగనిచ్చింది.

ఆయన ఎత్తాడు.

"హలో."

"ఎలా ఉన్నారు సలోంగో?"

"బాగున్నాం. అక్కడెలా ఉన్నారు?"

"బాగున్నాం సెబో. ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారు?"

"బాగున్నారు. మీ పనులెలా ఉన్నాయి?"

"జరుగుతున్నాయి సెబో. కొండ మీది ఆసుపత్రి తరఫున చేస్తున్నాను. వాస్వా ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. చిన్నబడికి వెళ్తున్నాడు."

రోజూ అరిచే గొంతు కాదది. ఫోన్లోంచి ఎక్కడో దూరం ఊరినుంచి వస్తున్నట్టుంది. పది అడుగుల అవతల ఆ మనిషి పెదాలు కదలడం అద్దంలోంచి కనిపిస్తోంది, మాట మాత్రం చెవిలోనే వినిపిస్తోంది. కిజ్జా కళ్ళు దించుకుని తన ముందున్న కాగితాన్నే చూసింది.

"కాటో ఎక్కడున్నాడు?"

కింద వీధిలో టాక్సీవాళ్ళ కేకలు. ఎదురు మేడ మీద కొంగలు. ఆమె, తుముసీమె కలిసి ఇప్పటికి నూట ముప్పై ఆరు మంది దగ్గర ఈ నిశ్శబ్దం విన్నారు. ఇంత పొడుగున్నది వినలేదు.

"ఉన్నాడు," అన్నాడు సలోంగో.

కిజ్జా పెన్ను పట్టుకున్న చెయ్యి కాగితం మీద ఆగింది. ఉన్నాడన్న తొమ్మిది మందినీ అడిగిన తర్వాతి ప్రశ్న ఒకటుంది. ఈయన్ని అడక్కపోతే మిగతా తొమ్మిది మంది మాట నమ్మి ఈయన మాట నమ్మనట్టవుతుంది.

"ఎప్పుడు తీసుకొస్తారు సెబో?"

"చూస్తాను. పనుల్లో పడి కుదరట్లేదు." గొంతు సవరించుకున్నాడు. "మీరు సందేశం పంపుతూ ఉండండి. ఆపకండి."

"ఆపం సెబో."

"మంచిదమ్మా. మీవాళ్ళందరినీ అడిగానని చెప్పు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. కిజ్జా ఆ వరస తెరిచి, మూడు మాటల్లో మొదటిది ఎంచుకుంది. ఉన్నారు. తొమ్మిది పది అయింది. ఐదింటికి జాబితాలో 'మరణం' అని పెట్టాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి కమాండ్ నడవలేదు.

సలోంగో కోటు వేసుకుని బయటికొచ్చాడు. సంతకం పెట్టిన కాగితం ఒకటి ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"సోమవారం ఎనిమిదింటికల్లా రా. ఆలస్యం చెయ్యకు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

*

సోమవారం పదింటికి సందేశాలు మొదటిసారి నిజంగా బయల్దేరాయి. తెర మీద వరసలు పచ్చబడుతూ కిందికి పాకాయి. మసాకాలో కాటోకి వెళ్ళింది. రొట్టె మింగే కాటోకి వెళ్ళింది.

అద్దం వెనక చిన్న ఫోను టింగుమంది. సలోంగో దాన్ని తీసి చదివాడు. రెండోసారి చదివాడు. ఎవరో పెద్ద ఫోన్లో పిలుస్తుంటే ఎత్తకుండా, చిన్న ఫోనుని జేబులో ఎడమవైపు పెట్టుకుని పైనుంచి అరచేత్తో నొక్కుకున్నాడు.

"ఇది తప్పు కదా చెల్లీ?" అన్నాడు తుముసీమె, వినీ వినిపించకుండా.

కిజ్జా కాటో లియోనార్డ్ వరస తెరిచి పుట్టిన తేదీ చూసింది. ఐదేళ్ళు నిండేదాకా సందేశం వెళ్తుంది. ఇవాళ్టిదాంతో కలిపి ఇంకా పధ్నాలుగు సందేశాలు. ఆ తర్వాత నెల, తనంతట తానే ఆగిపోతుంది.